లాజరు మూసుకునే కన్ను

గుడివాడ నుంచి వచ్చిన లారీ ఓనరు ఆ రోజు వేసిన కేకలకి, పక్క షెడ్డులో క్యారేజీ విప్పబోతున్నదాన్ని అలాగే వదిలేసి వెళ్ళాను. ఆటోనగర్‌లో కేకలు కొత్తేమీ కాదు. ఆ సుత్తి దెబ్బల మధ్య మంచినీళ్ళు అడగాలన్నా కేకేసే అడగాలి. అయితే ఆ కేకల్లో లాజరు పేరు వినబడింది. ముప్పై ఏళ్ళుగా నా చేతి అన్నం తింటున్న మనిషిని ఎవడో పని దొంగ అంటుంటే, కూర చల్లారినా సరే, నేను వెళ్ళి తీరాలి.

సంగతేమిటంటే, ఆ లారీ హనుమాన్ జంక్షన్ దాటాక కల్వర్టుకి గుద్దుకుని చాసిస్ వంగింది. చాసిస్ అంటే లారీకి వెన్నెముక. రెండు పొడవాటి ఇనప దూలాల మీద ఇంజనూ, క్యాబినూ, తొట్టీ అన్నీ కూర్చుంటాయి. అది వంకరపోతే లారీ రోడ్డు మీద పీతలాగా పక్కకి నడుస్తుంది, టైర్లు అరగదీస్తుంది, ఏదో ఒక రోజు ఎవరినో పొట్టన పెట్టుకుంటుంది. ఆ దూలాల్ని కాల్చి, జాకీలు పెట్టి, గొలుసులు కట్టి లాగి తిన్నగా చెయ్యడం లాజరు పని. రామకోటేశ్వరరావు గారి షెడ్డులో అతనే పెద్ద మిస్త్రీ. మూడు రోజులు కష్టపడి ఆ చాసిస్ సరిచేశాడు. నాలుగో రోజు లారీ ఓనరు ఒక ఇంజనీరుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇంజనీరు చేతిలో ఎర్ర లైటుతో గీత వేసే పెట్టె ఒకటి ఉంది. దాన్ని లారీ ముందు పెట్టి, గీత వేసి, పావంగుళం డ్రైవర్ సైడుకి వంకరుందని తేల్చాడు.

“మీ మిస్త్రీకి సైటొచ్చినట్టుంది కోటేశ్వరరావుగారూ, ముందు కళ్ళద్దాలు కొనిపెట్టండి” అన్నాడు లారీ ఓనరు.

రామకోటేశ్వరరావు గారు లాజరు వైపు చూశారు. ఆ పెట్టెని చూసి ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. లాజరు లారీ వెనక్కి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ కన్ను మూసి, కుడి కన్ను దూలం అంచుకి ఆనించాడు. కాసేపు ఊపిరి బిగబట్టి చూసి లేచాడు.

“ఇంజనీరుగారూ, ఆ పెట్టె ఎత్తుకుని ఇటు చివరికి రండి. ఇటు నుంచి వెయ్యండి మీ గీత.”

“ఎటు నుంచి వేసినా ఒకటేనయ్యా.”

“ఒకటే అయితే వెయ్యటానికేం?”

వేశాడు. ఈసారి పావంగుళం క్లీనర్ సైడుకి పోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ క్లీనర్ సైడుకే.

“ముందు నుంచి చూస్తే డ్రైవర్ సైడుకి వంకరంది. వెనక నుంచి చూస్తే క్లీనర్ సైడుకి అంటంది. నా చాసిసేమన్నా పామా అండీ, మీరు అటొస్తే ఇటు తిరగటానికి? వంకర మీ పెట్టెలో ఉంది. తీసుకెళ్ళి బాగుచేయించుకోండి. లేకపోతే ఇక్కడే వదలండి, జాకీ పెట్టి లాగుతా” అన్నాడు లాజరు.

షెడ్డంతా నవ్వింది. లారీ ఓనరు ఆ రోజు గొంతు తగ్గించుకుని పోయినవాడు, ఆ ఏడాదే ఇంకో రెండు లారీలు పంపాడు. వాటిని లాజరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని కూడా చెప్పి పంపాడు.

లాజరుది పామర్రు దగ్గర మా పక్క ఊరే. పెళ్ళైన కొత్తలో భార్య మార్తని తీసుకుని బెజవాడ వచ్చాడు. నేను అప్పటికే ఆటోనగర్ షెడ్లకి క్యారేజీలు మోస్తున్నాను. మార్త పోయి నాలుగేళ్ళయింది. కూతురు దీవెన బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో పని చేస్తుంది. పటమట వెనక సందులో తండ్రీ కూతుళ్ళిద్దరే. మనిషి సన్నగా, నల్లగా, కాలిన ఇనుములాగా ఉంటాడు. తాగడు, సిగరెట్టు ముట్టడు, ఆదివారం చర్చి మానడు. ఇన్ని మంచి గుణాలున్న మనిషిలో ఒక్క చెడ్డ గుణం ఉంటే, అది మిగతావన్నీ కలిసి చేసినంత పని చేసింది. ఏం చెప్పినా “చూద్దాం లే అక్కా” అంటాడు.

చూడటం అనే మాటని మనం వాడినన్ని రకాలుగా ఇంకే మాటనీ వాడమేమో. పులుసులో ఉప్పు నాలుకతో చూస్తాం. జ్వరమొస్తే చెయ్యి పట్టుకుని చూస్తాం. పిల్లకి సంబంధం చూస్తాం, మంచాన పడ్డవాళ్ళని చూసుకుంటాం, ఒళ్ళు మండితే నీ అంతు చూస్తానంటాం. వీటిలో ఏ ఒక్కటీ కంటితో చేసే పని కాదు. అన్నిటికంటే పనికిమాలింది ‘చూద్దాం’. చూద్దాం అన్నవాడు చూడడు. చెయ్యనని మొహం మీద చెప్పలేనివాడు అనే మాట అది. ఇంటి కప్పు కారుతోంది, రేకు మార్చరా అంటే చూద్దాం. పిల్లకి ఇరవై ఆరొచ్చాయి, చర్చిలో ఎవరితోనైనా మాట్లాడరా అంటే చూద్దాం. మార్త ఉన్నప్పుడు ఆ మాట విని తల కొట్టుకునేది. ఆమె పోయాక ఆ పని నా మీద పడింది.

ఇక ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న సైటు సంగతి సరేసరి. దూరం ఆనకపోతే సైటు. దగ్గర ఆనకపోతే సైటు. తలనొప్పి వస్తే సైటు, సూదిలోకి దారం ఎక్కకపోతే సైటు. బస్టాపులో ఆడపిల్లల వెంట చూపులు పారేసుకునే వెధవలు కొట్టేదీ సైటే. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ పాటి చదువుకే నాకు అనుమానం వచ్చింది, ఒక్క మూత ఇన్ని గిన్నెలకి సరిపోతోందంటే అది దేనికీ సరిగ్గా కూర్చోవడం లేదని. కడుపునొప్పికీ కాలినొప్పికీ డాక్టరు ఒకే పేరు రాస్తే ఊరుకుంటామా? కంటి విషయంలో మాత్రం అందరం ఊరుకున్నాం. నేనూ ఊరుకున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఎందుకంటే లాజరు ఎడమ వైపు వస్తువులకి తగలడం మొదలుపెట్టి చాలా రోజులైంది. కంచం పక్కన ఎడమ వైపు పెట్టిన మజ్జిగ గ్లాసు మోచెయ్యి తగిలి ఒలికిపోయేది. ఒకసారి కాదు, వారంలో రెండుసార్లు. “ఏం తొందరరా, ఎవడన్నా లాక్కుంటన్నాడా నీ అన్నం” అని తిట్టేదాన్ని. తెరిచి ఉన్న లారీ తలుపుకి ఎడమ భుజం కొట్టుకునేవాడు. నూరడుగుల రోడ్డు మీద ఎడమ నుంచి వచ్చిన స్కూటరు అతని చెయ్యి రాసుకుంటూ పోతే, వాణ్ణి మూడు తరాలూ కలిపి తిట్టాడు. హారన్ కొట్టలేదన్నాడు. కొట్టాడని పక్కనున్నవాళ్ళు చెప్పినా వినలేదు.

“నాన్నా, నీకు సైటొచ్చింది” అంది దీవెన. రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి అమ్మే కళ్ళద్దాల్లో ఒకటి తెచ్చి పెట్టింది. అవి పెట్టుకుంటే బైబిలు అక్షరాలు పెద్దగా కనబడ్డాయి. లాజరుకి సంబరం. చర్చిలో తన వరసలో ఉన్న నలుగురికీ అవే ఇచ్చేవాడు. ఒకరు వాక్యం చదివి పక్కవారికి అందిస్తే, ఆ జోడు వరస చివరికి పోయి మళ్ళీ వచ్చేది. అందరికీ ఒకే జోడు సరిపోయింది, అందరిదీ సైటే కాబట్టి.

తర్వాత చర్చి ఆవరణలో కంటి శిబిరం పెట్టారు. నేనూ వెళ్ళాను. నూటయాభై మంది వరసలో ఉన్నారు. ముందు నిలబెట్టి గోడకి తగిలించిన అట్ట మీద అక్షరాలు చదివించేది ఎవరో సాయానికి వచ్చిన ఆవిడ. డాక్టరు లోపల గదిలో ఉన్నాడు, తేడా ఉన్నవాళ్ళని మాత్రమే ఆయన దగ్గరికి పంపుతారు. “ఒక కన్ను మూసుకోండి” అంది ఆవిడ. లాజరు ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ఎడమ కన్ను మూశాడు. పై నుంచి కింద దాకా గడగడా చదివేశాడు. అడుగున చీమ కాళ్ళంత అక్షరాలున్న వరస కూడా చదివాడు. వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఏం చేస్తారండీ మీరు?” అని అడిగింది ఆవిడ నవ్వుతూ.

“కంటితోనే పనండీ” అన్నాడు.

ఆ నవ్వుల్లో, వెనక నుంచి తోసుకుంటున్న జనంలో, రెండో కన్ను సంగతి ఆవిడ మర్చిపోయింది. కాగితం మీద ఏదో రాసి, “దగ్గర చూపుకి కొంచెం సైటుంది, అంతే” అని పంపేసింది. పక్కనే ఉన్నాను. నోరు తెరిచి రెండోది కూడా చూడమ్మా అని ఉంటే సరిపోయేది. ఊరందరి విషయాల్లో నోరు పెట్టేదాన్ని, ఆ ఒక్క చోట పెట్టలేదు.

పోయిన వానాకాలంలో బయటపడింది. మిట్టమధ్యాహ్నం. నేను కంచాలు సర్దుతున్నాను. గ్రైండింగ్ మిషను దగ్గర లాజరు “అబ్బా” అని కుడి కన్ను అరచేత్తో మూసుకున్నాడు. ఇనప రజను పడింది. ఆటోనగర్‌లో ఇది రోజూ ఉండే బాధే. తడిగుడ్డ తెచ్చి ఇచ్చాను. దాన్ని కుడి కంటికి అదుముకుని లేచి నిలబడ్డాడు.

“కరెంటు పోయిందా అక్కా?” అన్నాడు.

షెడ్డుకి మూడు వైపులా గోడల్లేవు. ఎండ రేకుల కింద దాకా పరుచుకుని ఉంది. ఎడమ కన్ను తెరిచే ఉంది. నావైపే తిరిగి ఉంది.

చేతిలో ఉన్న గరిటె అతని మొహం ముందు ఆడించాను. “ఇదేంటిరా?”

“ఏది?”

గరిటె కింద పెట్టి, అతని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. అతనికీ అప్పుడే అర్థమైంది. తడిగుడ్డ ఒకసారి తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తీశాడు, పెట్టుకున్నాడు. మనిషి చెమటలు కక్కాడు.

“ఓనరుగారికి చెప్పొద్దు అక్కా” అన్నాడు. మొదట అన్న మాట అదే.

దీవెనని పిలిపించి ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రజను తీశాక డాక్టరు రెండు కళ్ళూ పరీక్ష చేశారు. నీటికాసులన్నారు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని నలిపేస్తుందట. నొప్పి ఉండదట. చూపు ముందు అంచుల నుంచి పోతూ పోతూ, చివరికి నడిమధ్యకి వస్తుందట.

“ఎడమ కన్ను పూర్తిగా పోయిందండీ. అది రాదు. ఎప్పటి నుంచి కనబడటం లేదు?” అని అడిగారు డాక్టరు.

“తెలీదండి” అన్నాడు లాజరు.

“తెలియకపోవడమేంటయ్యా? కన్ను నీదేగా?”

లాజరు తల దించుకున్నాడు. చూడాల్సి వచ్చినప్పుడల్లా మూసుకునే కన్ను ఎప్పుడు పోయిందో ఏ మనిషికి తెలుస్తుంది? ఆయనకది చెప్పాలని నాకనిపించింది కానీ, ఆసుపత్రిలో డాక్టరు ముందు చాసిస్ కథ మొదలుపెడితే మాకు తర్వాత ఉన్నవాళ్ళు కొట్టేలా ఉన్నారు.

కుడి కంటికీ అంచుల్లో మొదలైందని చెప్పారు. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క, బతికున్నంత కాలం వెయ్యాలి. మందు చల్లటి చోట ఉంచాలి. ఒక్క పూట మానినా నష్టమే అన్నారు. “దీనితో చూపు పెరగదు. ఉన్నది నిలబెట్టుకోవడానికే” అని రెండుసార్లు చెప్పారు.

ఆ మాటే కొంప ముంచింది. నెల తిరక్కుండా లాజరు చుక్కలు మానేశాడు. పొద్దున వేసుకుంటే కన్ను మండి కాసేపు మసకగా ఉంటుందట, ఆ మసకలో దూలం చూడలేడట. సాయంత్రం మర్చిపోతాడట. నాకెలా తెలిసిందంటే, పనిముట్ల పెట్టెలో, కొలిమి పక్కన, వేడెక్కిన సామాన్ల మధ్య సీసా దొరికింది. ఎత్తి చూస్తే నిండుగా ఉంది.

“వేసినా ఏమీ పెరగట్లేదు గదా అక్కా” అన్నాడు.

“పెరగదని ఆయన చెప్పాడు గదరా. నీ చెవులు కూడా పోయాయా?”

“మండుద్ది అక్కా.”

“నిప్పుల్లో చేతులు పెట్టేవాడివి, చుక్క మందుకి మంటంటున్నావా? ఆ కన్నూ పోతే ఏం చేస్తావు? దీవెన కొంగు పట్టుకుని నడుస్తావా?”

“చూద్దాం లే అక్కా.”

ఆ మాటకి నేను నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, మాట్లాడలేదు. అతను మజ్జిగ గ్లాసు తనే కుడి వైపుకి జరుపుకుని తాగడం మాత్రం చూశాను. అది చూశాక కోపం ఇంకా పెరిగింది. గ్లాసు జరుపుకోవడం తెలిసినవాడికి మందు వేసుకోవడం తెలియదా?

దీవెన ఫోన్లో గంట పెట్టింది. గంట మోగితే ఆపేసి పని చేసుకున్నాడు. పాస్టరు గారితో చెప్పించాం. ఆయన ముందు తల ఊపాడు. నెలకి, రెండు నెలలకి ఆసుపత్రికి రమ్మంటే పని ఉందన్నాడు. లారీ ఆగిపోయి ఉందన్నాడు. ఒక మనిషికి మంచి చెప్పి చెప్పి గొంతు పోతే, ఆ మంచి మీదే అసహ్యం పుడుతుంది. ఇక వీడి కన్ను వీడి ఇష్టం అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకున్న మర్నాడే మళ్ళీ సీసా ఎత్తి చూసేదాన్ని.

పోయిన వారం అతనే వచ్చాడు. అన్నం తినకుండా కంచం ముందు కూర్చుని, “ఇయ్యాల దూలం చివర కనబళ్ళేదక్కా” అన్నాడు. దగ్గరి నుంచి సగం దాకా గీత ఉందట. ఆ తర్వాత పక్కల నుంచి పొగ కమ్మినట్టు మూసుకుపోయిందట. మెడ తిప్పి, తిప్పి, ముక్కలు ముక్కలుగా చూసి సరిచేశాడట. పది నిమిషాల పనికి పూట పట్టిందట.

తిట్టడానికి నోరు తెరిచాను. అతని మొహం చూసి మూసుకున్నాను. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. ఒత్తిడి ఏమాత్రం తగ్గలేదన్నారు. ఇక చుక్కలతో ఆగదు, ఆపరేషన్ చేసి నీరు పోయే దారి చెయ్యాలన్నారు. బుధవారం రమ్మన్నారు. తర్వాత నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, నిప్పు దగ్గరికి పోకూడదు. అంటే లాజరు చేసే పనిలో ఏ ఒక్కటీ చెయ్యకూడదు.

రామకోటేశ్వరరావు గారికి చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ ఆయన కూడా చాసిస్ లాగే కొత్త మిషనొకటి కొని షెడ్డు మూల పట్టా కప్పి పెట్టారు. లాజరు ఉండగా దాని అవసరం రాలేదు. ఇక వస్తుంది. పైగా ఆటోనగర్‌లో మాట ఒక షెడ్డులో పుడితే, మధ్యాహ్నం భోజనాల వేళకి చివరి రోడ్డుకి చేరుతుంది. ఒంటికన్ను మిస్త్రీకి ఎవరు లారీ ఇస్తారని లాజరు భయం.

“నువ్వు ఎప్పుడూ ఒక్క కంటితోనే చూశావు గదరా. అప్పుడు లేని భయం ఇప్పుడేంటి?” అన్నాను.

“మూసుకున్న కన్ను వేరు, పోయిన కన్ను వేరు అక్కా.”

సోమవారం చెబుతానన్నాడు, చెప్పలేదు. ఆయన ఫోన్లో ఉన్నారన్నాడు. మంగళవారం పొద్దున లారీ ఒకటి దిగింది, ఆ హడావుడిలో కుదరలేదన్నాడు. బుధవారం రేపే. మంగళవారం మధ్యాహ్నం క్యారేజీలు ఇచ్చి ఖాళీ బుట్టతో వస్తుంటే షెడ్డు వెనక నా కోసం నిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. గుడ్డ మసి చేతులకి, చేతుల మసి గుడ్డకి.

“చెప్పావా?” అన్నాను.

“లేదక్కా. ఎదురుగా పోయి నిలబడ్డా. ఏంది లాజరూ అన్నాడు. కమాను కట్టకి బోల్టులు కావాలని చెప్పి వచ్చేశా.”

“సిగ్గులేదురా నీకు. రేపు ఆసుపత్రికి పోకుండా ఎగ్గొడదామని చూస్తన్నావా?”

“లేదు, పోతా. దీవెన సెలవు పెట్టింది. పోతా.” కుడి కన్ను ఎర్రగా ఉంది. పొద్దున చుక్క వేసుకున్నాడని తెలుస్తోంది. “నువ్వు చెప్పు అక్కా. ఇప్పుడే పోయి చెప్పు. నీకు ఎవరి ముందైనా నోరు వస్తది. జాలిగా చెప్పొద్దు. సైటని చెప్పి తేలిక చెయ్యొద్దు. ఎడమది పోయిందని చెప్పు, పోయి ఎంత కాలమైందో వాడికే తెలవదని చెప్పు. కుడిది ఉందని కూడా చెప్పు. నెల రోజులాగితే వస్తాడని చెప్పు. నేనిక్కడే ఉంటా. చెప్పి రా. కానీ ఆయన మొహం ఎట్టా పెట్టాడో మాత్రం నాకు చెప్పకు.”